జవాబు పత్రాల బస్తాల దగ్గర ఆగిన వాగు

2022, మార్చి నెల. కరోనా సద్దుమణిగి, మా క్యాంపస్‌లో పిల్లల గోల మళ్లీ మొదలైన ఏడాది. తార్నాక వైపు గేటులోంచి వచ్చి చెట్ల కింద కొంత దూరం నడిస్తే పాత రాతి బిల్డింగు వెనక ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు మీద హైడ్రాలిక్స్ ల్యాబ్ అని రాసి ఉంటుంది. హైడ్రాలిక్స్ అంటే నీళ్ల నడక గురించిన చదువు. ఆ షెడ్డులో నేను ముప్పై రెండేళ్లు టెక్నికల్ అసిస్టెంటుగా పని చేశాను. పేరు పెద్దదే గానీ చేసేది మేస్త్రీ పని. ప్రొఫెసర్లు కాగితం మీద గీసిన నదిని నేను ఇసుకతో, సిమెంటుతో కట్టి మోటారు వేసి నీళ్లు పారించాలి. బౌద్ధనగర్‌లో మా ఇంట్లో నల్లా కారుతుంటే ఆర్నెల్లు పట్టించుకోని మనిషి అక్కడ నదులు కడతాడట అని మా ఆవిడ ఎక్కిరించేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నది మీద ఏదైనా కట్టే ముందు, పడగొట్టే ముందు దాని చిన్న రూపం కట్టి చూస్తారు. దీన్ని స్కేల్ మోడల్ అంటారు. అక్కడ యాభై అడుగులుంటే ఇక్కడ ఒక అడుగు. సర్వేవాళ్లిచ్చిన కొలతల ప్రకారం రేకు పలకలు కత్తిరించి వరసగా నిలబెట్టి, మధ్యలో ఇసుక నింపి, పైన సిమెంటు పూస్తాం. గడ్డీ గాదం ఉన్నచోట గులకరాళ్లు అతికిస్తాం. ఇళ్లకు చెక్క ముక్కలు పెడతాం. ఇదంతా ఒక పెద్ద తొట్టిలో ఉంటుంది. దాని అంచును కర్బ్ అంటాం, అంటే జానెడు ఎత్తు సిమెంటు గోడ. ఇప్పుడు కంప్యూటర్లొచ్చి ఈ పని సగం చచ్చిపోయింది. కానీ పెద్ద ఆఫీసర్లకు స్క్రీను మీద రంగులకన్నా కళ్లెదురుగా పారే నీళ్ల మీదే నమ్మకం ఎక్కువ.

ఆ మార్చిలో ఒక సర్కారీ ఆఫీసు నుంచి మాకో పని వచ్చింది. తార్నాక కింది నుంచి పోయి మూసీలో కలిసే ఒక వాగు. కాగితాల్లో దాన్ని నాలా అంటారు. పేరు చెప్పను, చెప్తే దాని పక్కన గోడ ఎవరిదో కూడా చెప్పాల్సి వస్తుంది. ఏటా వానకు పొంగి ఎడమగట్టు మీద బస్తీని ముంచుతోంది. నీళ్లు పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతివైపు ఉండేది ఎడమగట్టు. ఇన్నేళ్లూ ఇలాంటి చోట గోడలు ఎత్తు పెంచుకుంటూ పోయారు. గోడ ఎంత పెంచితే నీళ్లు అంత ఎగిరి పడ్డాయి. ఈసారి వచ్చిన కాగితంలో మాత్రం కొత్త మాట ఉంది. గోడ పెంచొద్దు, వెనక్కి జరుపుదాం, వాగుకు పరుచుకునే చోటిద్దాం అని.

నిజం చెప్తున్నాను, ఆ కాగితం చదివి నాకు సంబరమైంది. ఇన్నేళ్లలో వాగు తరఫున మాట్లాడిన కాగితం అదే మొదటిది. మా ప్రొఫెసర్ సారు అయితే పెళ్లికొడుకులా తిరిగారు. పొద్దున ఎనిమిదింటికే షెడ్డుకొచ్చి, నదిని ఇరుకు సందులో తోస్తే అది మనింట్లోకి రాక ఎక్కడికి పోతుంది నర్సింహా అని నాకే పాఠం చెప్పేవారు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు ఇంత కష్టమయ్యేది కాదు.

చిక్కు తొట్టి దగ్గర వచ్చింది. వాగును రెండు గట్లతో సహా కట్టాలంటే షెడ్డు వెడల్పు చాలదు. చాలదంటే, షెడ్డు ఉంది గానీ కుడి పక్కన మూడో వంతు జాగా పాత జవాబు పత్రాల బస్తాలతో నిండిపోయి ఉంది. పరీక్షల విభాగంవాళ్లు ఎప్పుడో గదులు లేక తాత్కాలికంగా మా దగ్గర పెట్టారు. మా దగ్గర తాత్కాలికం అంటే పదేళ్లు దాటిన మాట. వాటిని కదిలించాలంటే కమిటీ కూర్చోవాలి, చూడాలి, సంతకాలు పెట్టాలి. సారు రెండు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. జవాబుల బస్తాలే అన్ని ఉన్నా మాకు ఒక్క జవాబు లేదు.

సారు సర్వే పటం పరిచి, కుడిగట్టు మీద వేలు పెట్టి చూపించారు. అక్కడ ఒక ఫంక్షన్ హాలు కాంపౌండు గోడ వాగును ఆనుకునే ఉంది. ఎలాగూ గోడ ఉంది కదా, తొట్టి అంచు కూడా అక్కడే ఆపేయమన్నారు. నాకూ అది సబబే అనిపించింది. గోడ ఉన్నచోట కర్బ్ కట్టాను. ఆ గోడ వెనక ఏముందని ఆయన నన్ను అడగలేదు, నేను ఆయన్ని అడగలేదు. సర్వే పటం కూడా గోడ దగ్గరే ఆగింది. గోడ వెనక ఎకరాల మైదానం, పెళ్లిళ్లకొచ్చే కార్లు ఆపుకోడానికి. వాగు పటం మీద అది లేదు, నా తొట్టిలో లేదు, అంటే ఇక లోకంలోనే లేనట్టు.

మా షెడ్డు ఊడ్చే సువార్త ఆ బస్తీలోనే ఉండేది. నలభై అయిదేళ్ల మనిషి. జనగామ దిక్కు ఊరు. పెళ్లయి వచ్చి మొగుడు పోయేదాకా, పోయినాక కూడా వాగు పక్కన రెండు గదుల రేకుల ఇంట్లోనే బతికింది. కాంట్రాక్టు మీద పని, క్యాంపస్‌కు నడిచి వచ్చేది. నేను చెక్క ఇళ్లు వరసగా పెడుతుంటే చీపురు పక్కన పెట్టి కూర్చుని చూసేది. మూడో రోజు ఒక ముక్క మీద వేలు పెట్టింది.

"అన్నా, గిది మా ఇల్లేనా?"

అవునన్నాను. ఆమె నవ్వుకుని, తలుపు ఇటు కాదు అటు ఉంటదని చెప్పింది. చెక్క ముక్కకు తలుపు ఉండదు, అయినా పెన్సిలుతో గీశాను. ఆ రోజు నుంచి ఆమె నా సర్వేయర్ అయింది. మలుపు దగ్గర బండ ఉందని, పటంలో అది లేదని చెప్పింది. పోయి చూస్తే ఉంది. పెట్టాను.

ఏప్రిల్‌లో కాలిబ్రేషన్ చేశాం. అంటే పోయిన వరదలో ఏ ఇంటిదాకా నీళ్లొచ్చాయో మోడల్‌లో కూడా అక్కడిదాకే వస్తున్నాయా అని చూసుకోవడం. పాయింట్ గేజి అని ఒక సూది ఉంటుంది, మొన నీటిమట్టాన్ని తాకినప్పుడు పక్కనున్న గీతల్లో ఎత్తు చదువుతాం. గీతకు గీత సరిపోయింది. సారు నా భుజం తట్టారు. తర్వాత అసలు పరీక్ష. ఎడమగట్టు మీది నలభై ఇళ్ల చెక్కలు తీసేసి, గట్టు చెక్కి వెడల్పు చేసి నీళ్లు వదిలాం. మట్టం తగ్గింది. సారు అప్పుడే రిపోర్టు మొదలుపెట్టారు.

మర్నాడు సువార్త ఊడుస్తూ ఆగిపోయింది. తన ఇల్లు తొట్టిలో లేదు, మూలన రంగు డబ్బాలో మిగతావాటితో కలిసి ఉంది. ఏందన్నా గిది అంది. ఇది ట్రయలేనమ్మా, ఇంకా చాలా చూడాలి అన్నాను. నమ్మించడానికి అన్న మాట కాదు, నేనూ నమ్మే అన్నాను. ఆమె చాలాసేపు వాగునే చూసింది. చూసి చూసి అవతలి అంచు మీద చీపురు కట్ట ఆనించింది.

"గీ గోడ కట్టకముందు వానొస్తే నీళ్లు ముందుగాల అటే పోయేటియన్నా. గాడ బర్లు మేసేటియి. గిప్పుడు గోడకు తాకి మా దిక్కు మర్లుతున్నయ్. మరి మీరు అటెందుకు చూస్తలేరు?"

అటు బస్తాలున్నాయమ్మా అన్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను చెప్పిన సిగ్గుమాలిన మాటల్లో అదొకటి. ఆమె బస్తాల వైపు చూసి, గంతేనా, ఎత్తుదాం పా అంది.

రెండో శనివారం, క్యాంపస్‌కు సెలవు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి మేమిద్దరం ఒక్కో బస్తా ఈడ్చుకుంటూ వరండాలో పేర్చి పైన తాడిపత్రి పట్టా కప్పాం. ఎంత రాసిన్రన్నా గీళ్లు, పాసైన్రో లేదో అనుకుంటూ ఆమె లాగింది. నా నడుము పట్టేసింది. సమ్మెట తీసుకుని కర్బ్ పగలగొట్టాను. అవతల ప్లైవుడ్ పలకలు పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి, ఇసుక పోసి ఆ కార్ల మైదానాన్ని ఉన్నంతలో కట్టాను. నలభై చెక్క ఇళ్లూ డబ్బాలోంచి తీసి ఎక్కడివక్కడ పెట్టాను. తన ఇల్లు ఆమే పెట్టుకుంది. మోటారు వేశాను.

నీళ్లొచ్చాయి. మలుపు దగ్గర బండను తాకి, గోడ లేని చోట కుడివైపు ఒరిగి, మైదానం మీద నెమ్మదిగా పరుచుకున్నాయి. నేను సూది దించి చదివాను. మళ్లీ చదివాను. ఇళ్లు తీసేస్తే ఎంత తగ్గిందో అంతకంటే ఒక గీత ఎక్కువే తగ్గింది. ఒక్క చెక్క తడవలేదు. సువార్త వంగి తన ఇంటి చుట్టూ వేలితో తడిమి, పొడి వేలు నాకు చూపించింది.

"మునగలే," అంది. ఆ తర్వాత ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆమె బస్తీ అంతా చెప్పుకుంది. మా ఇండ్లు పీకకున్నా అయితదట, సార్లు నీళ్లు పెట్టి చూసిన్రు అని. చెప్పొద్దని నేను అనలేదు. ఎందుకంటాను? సైన్సు చూపించింది, సారు చూస్తారు, మారుస్తారు అనే నా ధీమా. అరవయ్యేళ్లొచ్చినా బుద్ధి రాకపోతే ఇలాగే ఉంటుంది.

సోమవారం సారు వచ్చి చూశారు. నా అంకెలు రెండుసార్లు చదివారు. తనే సూది దించి ఒకసారి చూసుకున్నారు. ఆయనకు అర్థమైంది, నాకంటే బాగా అర్థమైంది. తర్వాత కుర్చీలో కూలబడి, నీరసంగా చెప్పారు. మనకిచ్చిన పని ఎడమగట్టు ఒక్కటే, ఆ ఫంక్షన్ హాలు స్థలం పట్టా భూమి, దాని ఓనరు ఎవరో నీకూ తెలుసు, ఆ గోడ మాట ఎత్తితే ఈ ప్రాజెక్టే ఉండదు, ఎడమ పక్కన వచ్చే చోటు కూడా వాగుకు రాదు, ఎంతో కొంత మేలు నయం కదా అని. అందులో తప్పు పట్టడానికి నాకు ఒక్క ముక్క దొరకలేదు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అని మా అమ్మ అనేది. చదువుకున్నవాళ్లు అదే మాటను ఇంత మర్యాదగా చెప్తారు.

చివర్లో, గురువారం ఆఫీసర్లొస్తున్నారు, బస్తీవాళ్లను కూడా పిలిచారు, ఆలోపు అన్నీ ఎప్పటిలా పెట్టెయ్ నర్సింహా అన్నారు. ఆ ఏడాది జూన్‌లో నా రిటైర్మెంటు. కాంట్రాక్టు మీద ఒక ఏడాది పొడిగించమని నా అర్జీ ఆయన టేబులు మీదే ఉంది. ఆయన ఆ అర్జీ ఊసెత్తలేదు. బెదిరించలేదు. బెదిరిస్తే కనీసం తిట్టుకోడానికి నాకొక మనిషి దొరికేవాడు.

పెట్టేశాను. సువార్త మంగళవారం, బుధవారం వేరే బ్లాకులో డ్యూటీ పడి రాలేదు, అది కూడా నాకు కలిసొచ్చింది. వాచ్‌మన్ సాయంతో బస్తాలు లోపలికి చేర్చాను. కర్బ్ మళ్లీ కట్టాను. పాత సిమెంటుకు కొత్త సిమెంటు అతికితే రంగు తేడా కొడుతుంది. నేలమీది దుమ్ము పిసరంత కలిపి, తడి గోనెతో రుద్ది, రెండు రోజులు ఆరనిస్తే అతుకు కనపడదు. నా చేతిపని మీద నాకు ఎప్పుడూ గర్వమే. ఆ రెండు రోజులూ కూడా ఆ గర్వంతోనే చేశాను. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

గురువారం పదకొండింటికి ముగ్గురు ఆఫీసర్లు, బస్తీనుంచి పదిమంది వచ్చారు. సువార్త ఊడ్చే యూనిఫాంలోనే వాళ్ల పక్కన నిలబడింది. సారు బాగా చెప్పారు. వాగుకు మనం ఎంత అన్యాయం చేశామో, దానికి చోటు తిరిగి ఇవ్వడం ఎంత అవసరమో. మోటారు వేశాను. నీళ్లు గోడకు తాకి మర్లి చెక్క ఇళ్లను ముంచాయి. పెద్దాఫీసరు బస్తీవాళ్ల వైపు తిరిగి, మీరే చూడండి, అక్కడ ఉంటే మీ ప్రాణాలకే అపాయం అన్నాడు. మనిషి మర్యాదస్తుడే. నిజంగానే వాళ్ల మేలు కోరే అన్నాడు.

సువార్త ముందుకొచ్చింది.

"సార్, శనివారం గీ గోడ లేకుండె. మేమే పలగ్గొట్టి చూసినం. నీళ్లు అటు పోయినయ్. మా ఇండ్లు మునగలే."

ఆఫీసర్లలో ఒక కుర్రాయన చప్పున తలెత్తాడు. తొట్టి అంచు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. అక్కడ అతుకే లేదు. నా వైపు తిరిగి, ఈమె చెప్పేది నిజమేనా అని అడిగాడు. మా సారు నేల చూశారు. పదిమంది బస్తీవాళ్లు నా నోటి వంకే చూస్తున్నారు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

"అది ట్రయల్ సార్," అన్నాను. "మనకిచ్చిన పనిలో లేదు. అక్కడ గోడ ఉంది."

ఆయన ఓకే అని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఇంకొక్క ప్రశ్న అడుగుతాడేమో, ఎంత తగ్గింది అని అడుగుతాడేమో అని నేను ఎదురుచూశాను. అడిగితే చెప్పేవాణ్నే అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అంకెలు నా జేబులో కాగితం మీదే ఉన్నాయి.

అందరూ పోయాక సువార్త కర్బ్ మీద బొటనవేలు ఒకసారి జరిపి, మంచిగ అతికినవన్నా అంది. తిట్టు కూడా కాదు. చీపురు తీసుకుని ఆఫీసర్ల బూట్ల మట్టి ఊడ్చి పోయింది.

వానలకు ముందే ఇళ్లు తీసేశారు. ఊరి అవతల ఎక్కడో అయిదంతస్తుల సర్కారీ ఫ్లాట్లలో చోటిచ్చారు. అక్కడినుంచి మా గేటుకు రెండు బస్సులు, పొద్దుట ఆరింటికి బయోమెట్రిక్ కొట్టాలి. నెల తిరక్కుండా సువార్త పని మానేసింది. నా పొడిగింపు మాత్రం వచ్చింది. ఆ ఏడు వానకు వాగు పొంగింది గానీ తక్కువ పొంగింది. అంటే మోడల్ తప్పు చెప్పలేదు. ఆ పై ఏడు ఖాళీ అయిన చోట నడిచే బాట వేశారు, రెయిలింగు పెట్టారు, రంగు లైట్లు పెట్టారు, అవి కొట్టుకుపోకుండా నడుమెత్తు గోడ కట్టారు. వాగుకిచ్చిన చోటు మూడో వంతు మళ్లీ మనమే తీసుకున్నాం. నలభై ఇళ్లవాళ్ల దగ్గర తీసుకుంటే వాగుకోసం అన్నాం. ఫంక్షన్ హాలు గోడకు కొత్తగా సున్నం కొట్టారు.

తర్వాత ఒక మధ్యాహ్నం తార్నాక బస్‌స్టాపులో సువార్త కనపడింది. ఎక్కడో అపార్ట్‌మెంటులో పని చూసుకుంటోంది, పాత సర్వీసు సర్టిఫికెట్ కోసం క్యాంపస్‌కు వచ్చి పోతోంది. బాగున్నావా అని అడిగాను. అయిదో అంతస్తు, వరద భయం లేదన్నా, నల్లా గూడ అంత మీదికి ఎక్కది అని నవ్వింది. నేను రెండేళ్లుగా నోట్లో పెట్టుకున్న మాట చెప్పబోయాను. ఆ రోజు నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు సువార్తా, అదే నా పాపం అని ఏదో మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గా శనివారం నువ్వు నీళ్లు పెట్టి చూపియ్యకపోతేనే మంచిగుండెనన్నా. ఇల్లు వాగు తీస్కపోయింది, మా రాత గంతే అనుకుని బతికేటోళ్లం. మనుషులే తీస్కపోయిన్రని తెలిసినంక నిద్ర పడ్తలేదు."

ఆమె బస్సు వచ్చింది, ఎక్కింది, చోటు లేక ఫుట్‌బోర్డు పక్కనే రాడ్ పట్టుకుని నిలబడింది.

కొత్తగా చేరే పిల్లలు నన్ను ఇప్పటికీ పిలిచి, మోడల్ కట్టడంలో జాగ్రత్తలేంటని అడుగుతుంటారు. సూది ఎలా చదవాలో, గులకరాళ్లు ఎలా అతికించాలో చెప్తాను. తొట్టి ఎక్కడ ఆపుతున్నారో, ఎందుకు ఆపుతున్నారో ఒకసారి అటు నడిచి చూసి రమ్మని చెప్తాను. ఇదంతా వాళ్లు రాసుకుంటారు. నేను చెప్పలేనిది ఒకటుంది. ఒక మనిషికి ఆమె ఇల్లు నిలబడే దారి చూపించాక, నలుగురిలో ఆ మనిషి చెప్పేది నిజమేనా అని మనల్ని అడిగినప్పుడు, "నిజమే సార్" అనాలి. రెండే మాటలు. అంతకు మించి ఆ గురువారం ఎవరూ నన్ను అడగలేదు.